బోరు పెరిగితే జోరు పెరుగుతుందా?

'సార్, ఇంజను బోరుకొచ్చింది' అని మెకానిక్కు తాపీగా చెబుతాడు. వినే యజమానికి మాత్రం గుండెల్లో రాయి పడుతుంది. బండి ఆయిలు తాగేస్తోంది, వెనక నీలం పొగ వస్తోంది, ఎత్తు ఎక్కమంటే మొరాయిస్తోంది. ఇక తప్పదు! ఇంజను దింపాల్సిందే. విప్పిన బ్లాకు విజయవాడ ఆటోనగర్‌లోనో ఇంకో ఊళ్లోనో లేతు షాపు చేరుతుంది. అరిగి అండాకారానికి వచ్చిన సిలిండర్ల లోపలి గోడల్ని పావు మిల్లీమీటరో, అర మిల్లీమీటరో చెక్కి, మళ్లీ గుండ్రంగా చేస్తారు. ఆ మేరకు పెద్ద సైజు పిస్టన్లు వేస్తారు. బండికి రెండో జన్మ!

ముసలి ఇంజనుకు చేసే ఈ వైద్యాన్నే నిక్షేపంలా ఉన్న కొత్త ఇంజనుకు కోరి చేయించేవాళ్లున్నారు. వాళ్లే రేసింగ్ ఇంజన్లు కట్టేవాళ్లు. రోజూ ఆఫీసుకెళ్లే చిన్న కారు ఇంజనును విప్పి, బోరు పెంచి, ప్రతి ముక్కనూ తూచి, మళ్లీ కట్టి దాన్నుంచి రెట్టింపు శక్తి లాగుతారు. 1950ల్లో, 60ల్లో ఐరోపాలో ఈ పని ఒక పరిశ్రమే అయింది. అందులో మనకు బాగా తెలిసిన ఇంజనూ ఒకటుంది. దశాబ్దాల పాటు బొంబాయి టాక్సీలను లాగిన ప్రీమియర్ పద్మిని ఇంజను!

అర మిల్లీమీటరు లెక్క

ముందు చిన్న లెక్క. సిలిండరు అడ్డుకొలత బోరు. పిస్టన్ కిందికీ పైకీ తిరిగే దూరం స్ట్రోకు. ఈ రెండూ కలిస్తే వచ్చే జాగా ఎంతో చెప్పేదే 'సీసీ'. మారుతి 800నే తీసుకోండి. మూడు సిలిండర్లు, బోరు 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 72. గుణిస్తే 796 సీసీ. ఇప్పుడు బోరును అర మిల్లీమీటరు పెంచారనుకుందాం. పెరిగేది పన్నెండు సీసీలు! అంటే నూటికి ఒకటిన్నర వంతు. నలభై హార్స్‌పవర్ కూడా లేని ఇంజనుకు దానివల్ల వచ్చే అదనపు బలం అర హార్స్‌పవర్ దాకా ఉంటే గొప్ప. బోరు కొట్టించాక బండి 'రాకెట్‌లా పోతోంద'ని కుర్రాళ్లు మురిసిపోతుంటారు గానీ, ఆ హుషారులో ఎక్కువ పాలు కొత్త రింగులదే.

పోనీ, రెండు మూడు మిల్లీమీటర్లు చెక్కేస్తే? అక్కడే అసలు చిక్కు. సిలిండరు గోడకు అవతల నీళ్లు తిరుగుతుంటాయి. గోడ పలచబడే కొద్దీ వేడికి వంగుతుంది, పిస్టన్ రింగులు సరిగా ఆనవు, చివరికి పగులుతుంది. దీనికి తోడు ఇనుప బ్లాకును పోత పోసేటప్పుడు లోపలి అచ్చు ఒక పక్కకు కాస్త జరగడం మామూలే. దాంతో ఒకే సిలిండరులో ఒకవైపు గోడ మందంగా, రెండోవైపు పలచగా ఉంటుంది. పైకి చూస్తే తెలియదు. ఇప్పుడైతే అల్ట్రాసౌండు పరికరం ఆనించి గోడ మందం చూస్తున్నారు. అది లేని రోజుల్లో చెక్కుతూ చెక్కుతూ నీళ్లలోకి వెళ్లిపోయిన బ్లాకులకు లెక్కలేదు. అప్పుడిక స్లీవు దిగేయడమో, బ్లాకును తుక్కు కింద తూకానికి వేయడమో!

బోరు కొట్టడంలోనూ రేసు ఇంజనుది వేరే పద్ధతి. హెడ్ బోల్టులు బిగించినప్పుడు ఆ లాగుడుకు సిలిండరు గోడలు కంటికి కనిపించనంతగా వంకరపోతాయి. లేతు మీద అద్దంలా గుండ్రంగా వచ్చింది, బండిలో బిగించేసరికి గుండ్రంగా ఉండదన్నమాట. అందుకే హెడ్‌కు బదులు దళసరి ఉక్కు పలకను అంతే బిగువుతో బ్లాకు మీద బిగించి, లోపల హోనింగ్ రాళ్లు తిప్పుతారు. ఆ రాళ్లు గోడ మీద వలలా అడ్డగీతలు వదిలిపెడతాయి. గీతల్లో ఆయిలు నిలుస్తుంది. గోడ మరీ నున్నగా ఉంటే ఆయిలు నిలవదు, మరీ గరుకైతే రింగులు తినేస్తుంది. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఎంత సందు ఉండాలో అంతే ఉండాలి. రేసుల్లో వాడే ఫోర్జింగ్ పిస్టన్లు వేడికి ఎక్కువ ఉబ్బుతాయి కాబట్టి వాటికి సందు కాస్త ఎక్కువ వదులుతారు. చల్లగా ఉన్నప్పుడు అవి టకటకమంటాయి. తెలియనివాళ్లు ఇంజను పోయిందనుకుంటారు!

జూనియర్ల కోసం ఒక కౌంటు

ఇంత తంటా పడి చిన్న ఇంజన్లనే ఎందుకు పట్టుకు వేలాడటం? పెద్దది కొనుక్కోవచ్చుగా! డబ్బు లేక. 1950ల్లో ఇటలీలో కుర్ర డ్రైవర్ల పరిస్థితి అదే. గ్రాండ్ ప్రి కార్లు కొనడం వాళ్ల తరం కాదు. నేర్చుకోవడానికి వేరే దారి లేదు. జొవాన్నీ లురాని అనే కౌంటు, స్నేహితులకు 'జానీ', స్వయంగా రేసుల్లో పాల్గొన్నవాడు. దీనికో ఉపాయం చెప్పాడు. కారు ఒంటి సీటు రేసు కారే. కానీ ఇంజను, గేర్‌బాక్సు, బ్రేకులు మాత్రం బజారులో అమ్మే మామూలు కార్లవి కావాలి. ఇంజను 1100 సీసీ మించకూడదు. వెయ్యి సీసీ లోపు ఇంజనైతే కారు బరువు కనీసం 360 కిలోలు, ఆపైన అయితే 400 కిలోలు. 1958లో ఇటలీలో మొదలైన ఈ 'ఫార్ములా జూనియర్' ఏడాది తిరిగేసరికి అంతర్జాతీయ పోటీ అయింది.

లురాని మనసులో ఉన్న ఇంజను ఫియట్ 1100. ఇటలీలో ఏ వీధిలో చూసినా అదే. నాలుగు సిలిండర్లు, బోరు 68, స్ట్రోకు 75, మొత్తం 1089 సీసీ. ఇదే ఫియట్ 1100 తర్వాత మన కుర్లా ఫ్యాక్టరీలో తయారైంది. 1970ల్లో పద్మిని అని పేరు మార్చుకుంది. ఇంజను కొలతలు మాత్రం మారలేదు.

మోడెనా పట్టణంలో విత్తోరియో స్టాంగ్వెలినీ అనే కార్ల నిర్మాత ఈ ఇంజనును పట్టుకున్నాడు. ఇక్కడ బోరు కథ భలే తమాషాగా ఉంటుంది. 1089 సీసీ నుంచి 1100 గీత దాకా మిగిలిందెంత? పదకొండు సీసీలు! అడ్డుకొలతలో చెప్పాలంటే మిల్లీమీటరులో మూడో వంతు. అంతకన్నా ఒక్క వెంట్రుక ఎక్కువ చెక్కినా కారు పోటీకి పనికిరాదు. అంటే బోరు తలుపు దాదాపు మూసుకుపోయినట్టే. అయినా స్టాంగ్వెలినీ ఆ ఇంజను శక్తిని దాదాపు రెట్టింపు చేశాడు. హెడ్ చెక్కి కంప్రెషన్ పెంచాడు. రెండు వెబర్ కార్బురేటర్లు తగిలించాడు. క్యామ్‌షాఫ్ట్ మార్చాడు. ఇంజనును నిమిషానికి ఏడు వేల చుట్లు దాటించాడు. 1959లో మొనాకోలో జరిగిన ఫార్ములా జూనియర్ రేసును మైఖేల్ మే అనే స్విస్ ఇంజనీరు స్టాంగ్వెలినీ కారుతోనే గెలిచాడు. ఆ సంవత్సరం ఇటలీ వాళ్లకు ఎదురులేదు. చిత్రమేమిటంటే, అదే 1959లో ఇంగ్లండులో ఒక సాదాసీదా కుటుంబ కారు విడుదలైంది. దాని ఇంజనే ఇటలీ వాళ్ల కొంప ముంచింది.

రాడ్డుకు వేలాడే టన్ను బరువు

ఆ కారు ఫోర్డ్ ఆంగ్లియా 105ఈ. ఇంజను 997 సీసీ, శక్తి 39 హార్స్‌పవర్. చూడ్డానికి ఏమీ లేదు. విషయమంతా కొలతల్లో ఉంది. బోరు 81 మిల్లీమీటర్లకు పిసరంత తక్కువ, స్ట్రోకు కేవలం 48.4! వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. ఫియట్‌ది గ్లాసు అయితే ఫోర్డ్‌ది పళ్లెం.

దీంతో ఏమిటి లాభం? పిస్టన్ ఒక్క చుట్టుకు రెండుసార్లు ఆగుతుంది, పైన ఒకసారి, కింద ఒకసారి. ఆగి మళ్లీ ఉరకాలి. ఫియట్ ఇంజను 7500 చుట్లు తిరుగుతుంటే పిస్టన్ సగటు వేగం సెకనుకు పద్దెనిమిది మీటర్ల పైమాటే. ఆగి మళ్లీ తిరిగే ఆ చివరన దాని మీద పడే తాకిడి భూమ్యాకర్షణకు సుమారు మూడు వేల రెట్లు. పిస్టన్ బరువు 400 గ్రాములు అనుకుందాం. ఆ క్షణంలో అది 1200 కిలోల బరువై కనెక్టింగ్ రాడ్డుకు వేలాడుతుంది. అంటే దాదాపు రెండు మారుతి కార్లు! అదీ సెకనుకు 125 సార్లు. రాడ్డు బోల్టు తెగిందా... బ్లాకుకు కిటికీ పడ్డట్టే. రేసుల వాళ్లు ఆ మాటే అంటారు, రాడ్డు పక్కనుంచి బయటికి వచ్చేసి చెయ్యి ఊపిందని.

అదే 7500 చుట్ల దగ్గర ఫోర్డ్ పిస్టన్ సగటు వేగం సెకనుకు పన్నెండు మీటర్లే. ఫియట్ ఆయాసపడే చోట ఫోర్డ్ ఇంకా నడక మీద ఉందన్నమాట. ఇంకా ఎన్నో చుట్లు పైకి వెళ్లొచ్చు. ఎక్కువ చుట్లు అంటే నిమిషానికి ఎక్కువసార్లు పేలుడు, ఎక్కువ పేలుళ్లంటే ఎక్కువ శక్తి. పైగా బోరు వెడల్పుగా ఉంటే హెడ్‌లో పెద్ద వాల్వులు పెట్టుకోవడానికి చోటు దొరుకుతుంది. బోరు పెద్దదవడం వల్ల అసలు ప్రయోజనం ఇదే. సీసీలు కాదు, ఊపిరి!

ఈ సంగతి కనిపెట్టినవాళ్లు ఇద్దరు కుర్ర ఇంజనీర్లు. మైక్ కాస్టిన్, కీత్ డక్‌వర్త్. ఇద్దరి పేర్లలోంచి సగం సగం తీసుకుని 1958లో 'కాస్‌వర్త్' అనే చిన్న సంస్థ పెట్టుకున్నారు. ఆంగ్లియా ఇంజనుకు డక్‌వర్త్ కొత్త క్యామ్‌షాఫ్ట్ గీశాడు. వాల్వు ఎంత ఎత్తు లేవాలి, ఎంతసేపు తెరుచుకుని ఉండాలి అన్నది దాంట్లోనే ఉంటుంది. శక్తి రెట్టింపు దాటింది. 1960 మార్చిలో గుడ్‌వుడ్ ట్రాక్ మీద ఆ ఇంజను బిగించిన లోటస్ 18 కారును నడిపి జిమ్ క్లార్క్ గెలిచాడు. రెండో స్థానంలో వచ్చింది మోటార్‌సైకిల్ ప్రపంచ విజేత జాన్ సర్టీస్. అతనికి అదే మొదటి కారు రేసు. ఇద్దరూ తర్వాత ఫార్ములా వన్ ప్రపంచ విజేతలయ్యారు. లురాని కోరుకున్నదీ ఇదే కదా!

మరుసటి ఏడాది కాస్‌వర్త్ వాళ్లు బోరు జోలికి వెళ్లారు. స్ట్రోకు ముట్టుకోకుండా బోరును 81 నుంచి 85కు పెంచారు. 997 కాస్తా 1098 అయింది. ఒక్కో పక్క రెండేసి మిల్లీమీటర్లు. మామూలు ఇంజనుకైతే అది ఆత్మహత్య. ఆ పోతలో ఇనుము దండిగా ఉంది కాబట్టి తట్టుకుంది. 1961 నుంచి 63 వరకు మొనాకో జూనియర్ రేసులో వరుసగా ఫోర్డ్ ఇంజన్లదే గెలుపు. నిజం చెప్పాలంటే ఘనత మొత్తం ఇంజనుదే కాదు. ఇంగ్లిషు వాళ్ల కార్లలో ఇంజను డ్రైవరు వెనక ఉండేది. స్టాంగ్వెలినీది ముందే ఉండిపోయింది.

లురాని ఆశయం మాత్రం ఇక్కడే దెబ్బతింది. పేద కుర్రాళ్ల కోసం పెట్టిన పోటీలో గెలవాలంటే ఇప్పుడు కాస్‌వర్త్ ఇంజను కొనాలి. దానికి ధర పెరుగుతూ పోయింది. 1963తో ఫార్ములా జూనియర్‌కు మంగళం పాడారు. కాస్‌వర్త్ మాత్రం ఆగలేదు. 1967లో తెచ్చిన డీఎఫ్‌వీ ఇంజను మొదటి గ్రాండ్ ప్రిలోనే గెలిచి, చివరికి 155 గెలుపుల దాకా వెళ్లింది. ఆ మొదటి రేసులో నడిపింది ఎవరనుకున్నారు? జిమ్ క్లార్కే.

పక్కకు జరిగిన సిలిండర్లు

పళ్లెం లాంటి ఇంజను లేనివాడి మాటేమిటి? ఆ కథ మినీది. 1959 ఆగస్టులో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ వచ్చింది. 848 సీసీ, 34 హార్స్‌పవర్. 1951 నాటి ఆస్టిన్ ఏ30 కోసం చేసిన 'ఏ సిరీస్' ఇంజనే దీనికీ దిక్కు. నాలుగు సిలిండర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. దానికి తోడు హెడ్‌లో గాలి పోయే దారులు ఐదే! పొరుగిళ్లకు ఒకే గుమ్మం ఉన్నట్టు, రెండేసి సిలిండర్లకు కలిపి ఒక్కో పీల్చే దారి. వదిలేవి మూడు. ఒకటి పీలుస్తుంటే పక్కది దాని గాలి దొంగిలిస్తుంది.

రేసు కార్లు కట్టే జాన్ కూపర్ ఈ బుల్లి కారును చూసి ముచ్చటపడ్డాడు. ఇసిగోనిస్‌కు మొదట ఇష్టం లేదు. ఇది సామాన్యుడి కారు, రేసులేమిటన్నాడు. కూపర్ పైవాళ్లను ఒప్పించాడు. 1961లో వచ్చిన మినీ కూపర్‌లో బోరు పెంచడం అటుంచి, అర మిల్లీమీటరు తగ్గించారు. స్ట్రోకును 81.3కు సాగదీసి, వెయ్యి సీసీ తరగతిలో ఇమిడేలా 997 చేశారు. బలం 55 హార్స్‌పవర్. కానీ పొడవాటి స్ట్రోకుతో ఎక్కువ చుట్లు తిరగనంది.

1963లో కూపర్ ఎస్ కోసం చేసిన పనిలోనే తెలివంతా ఉంది. బోరు 70.6 చేయాలి. గోడల మధ్య చోటు లేదు. అందుకని పోత అచ్చునే మార్చారు. చివరి రెండు సిలిండర్లను బ్లాకు అంచుల వైపు జరిపారు. మధ్య రెండిటినీ ఒకదానికొకటి దగ్గర చేశారు. బ్లాకు పొడవు అంతే, లోపల కాపురం మారింది! స్ట్రోకు మళ్లీ మినీ పాత కొలత 68.26. మొత్తం 1071 సీసీ, 70 హార్స్‌పవర్. 1964 జనవరిలో మాంటీకార్లో ర్యాలీలో ప్యాడీ హాప్‌కిర్క్ ఈ కారుతో గెలిచాడు. వెనకబడి రెండో స్థానంలో మిగిలింది 4.7 లీటర్ల వీ8 ఇంజను ఉన్న అమెరికన్ ఫోర్డ్ ఫాల్కన్. అయితే ఆ ర్యాలీ మార్కుల లెక్కలో చిన్న కార్లకు కాస్త మొగ్గు ఉండేదన్నదీ మరిచిపోకూడదు.

ఆ ఐదు దారుల హెడ్‌ను లొంగదీసినవాడు డేనియల్ రిచ్‌మండ్. డౌన్టన్ అనే పల్లెటూళ్లో షెడ్డు. ఆకురాళ్లు పెట్టి దారుల వంపులు సరిచేయడం, వాల్వు కూర్చునే పీటను గాలికి అడ్డు తగలకుండా దిద్దడం, నాలుగు గదుల్లోనూ చుక్క తేడా లేకుండా ద్రవం పోసి కొలవడం... ఇదీ అతని పని. కంపెనీ వాళ్లే అతన్ని సలహాదారుగా పెట్టుకున్నారు. బోరు పని టర్నరుది. హెడ్ పని శిల్పిది. ఏది ఎక్కువ అంటే ఇంజన్లు కట్టేవాళ్లలో నూటికి తొంభై మంది హెడ్ వైపే చూపిస్తారు.

తర్వాత వచ్చిన 1275 సీసీ కూపర్ ఎస్ బ్లాకును ఇరవై థౌ చెక్కితే 1293 అవుతుంది. 1300 తరగతికి అచ్చంగా అతికినట్టు సరిపోతుంది. తరగతి పట్టింపు లేనివాళ్లు బోరును 73.5 దాకా తీసుకెళ్లి 1380 చేస్తారు. ఆ స్థితిలో మధ్య సిలిండర్ల నడుమ గాస్కెట్ ఆనే చోటు సన్నటి గట్టులా మిగులుతుంది. ముందుగా కాలేది అక్కడే.

ఇక, ఇలా కట్టిన ఇంజనుతో బజారుకెళ్దామంటే కుదరదు. రేసు క్యామ్‌షాఫ్ట్ రెండు వాల్వులనూ ఎక్కువసేపు ఒకేసారి తెరిచి ఉంచుతుంది. పైచుట్లలో అది వరమే. సిగ్నలు దగ్గర ఆగితే మాత్రం ఇంజను చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. కంప్రెషన్ పెంచిన ఇంజనుకు మామూలు పెట్రోలు పోస్తే నాకింగ్ మొదలై పిస్టన్ తల కరిగి చిల్లు పడుతుంది. మన దగ్గర ఇంకో మాట కూడా ఉంది. ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చే మార్పులను మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఈ ముచ్చట తీర్చుకోవాల్సింది ట్రాక్ మీదే.

మూడు సిలిండర్ల బడి

మన దేశంలో ఆ ట్రాక్ చాలాకాలం మద్రాసు దగ్గర షోలవరమే. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. ఫియట్లు, హెరాల్డులు విప్పి కట్టి అక్కడికే తెచ్చేవారు. పనిముట్లకు కొరత, దిగుమతి పిస్టన్లకు ఇంకా కొరత. లేతు మీద పనితనమే పెట్టుబడి.

1983 చివర్లో మారుతి 800 వచ్చింది. ఆ తర్వాత కోయంబత్తూరుకు చెందిన ఎస్.కరివర్ధన్ లురాని దారిలోనే ఆలోచించాడు. దేశమంతా దొరికే ఇంజను, ఎక్కడైనా దొరికే విడిభాగాలు, దాని చుట్టూ తేలికపాటి ఒంటి సీటు కారు. అలా పుట్టిందే ఫార్ములా మారుతి. అందరిదీ అదే 796 సీసీ ఇంజను కాబట్టి డబ్బున్నవాడు ఇంకో కంపెనీ ఇంజను కొనేసి గెలిచే వీలు లేదు. ఫార్ములా జూనియర్‌ను ముంచిన గుంటలో ఇది పడలేదు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది.

ఫార్ములా వన్ రేసుల్లో పోటీపడిన భారతీయులు ఇప్పటిదాకా ఇద్దరే. 2005లో జోర్డాన్ కారు నడిపిన నరేన్ కార్తికేయన్, 2010లో బరిలోకి దిగిన కరుణ్ చందోక్. ఇద్దరూ మొదట కూర్చున్నది ఆ మూడు సిలిండర్ల మారుతి ఇంజను ముందే. తర్వాత ఆ చోటును 1300 సీసీ స్విఫ్ట్ ఇంజనుతో నడిచే ఫార్ములా ఎల్‌జీబీ కార్లు తీసుకున్నాయి. మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది.

ముంబయిలో ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. దాని మోడెనా చుట్టాలు మాత్రం ఇంకా పరుగెత్తుతూనే ఉన్నాయి. పాత రేసు కార్లకు జరిపే పోటీల్లో ఫార్ములా జూనియర్‌కు ప్రత్యేక తరగతే ఉంది. జిమ్ క్లార్క్ గెలిచిన గుడ్‌వుడ్‌లోనూ అవి కనిపిస్తాయి. బోరు చివరి అంచుకు వచ్చిన పాత బ్లాకును లేతు మీదికి ఎక్కించి, స్లీవులు దిగేసి, మళ్లీ 68 మిల్లీమీటర్లకు తెస్తారు.